రెండు మూగ రేడియోలు

నైజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చి పోలీస్ యాక్షన్ మొదలైన రోజే మా రేడియోను నేను చంపాను. ఊరికే గరగరమంటుంటే కోపం పట్టలేక నెత్తిన గట్టిగా ఒక్కటిచ్చాను. అప్పట్లో చిలకలగూడలో ప్రతి ఇంట్లోనూ రేడియోకు చేసే వైద్యం అదే. నా వైద్యానికి గరగర కూడా ఆగిపోయింది.

మా ఆయన రైల్వే గార్డు. బండితో కాజీపేట వెళ్లి అక్కడే చిక్కుబడ్డారు. లడాయి ఆగితే గాని బండ్లు కదలవు. అది ఆగిందో లేదో చెప్పే పెట్టెనేమో నేనే మూగదాన్ని చేసుకున్నాను. నాలుగు రోజులు అన్నం సయించలేదు.

పక్క వాటాలో గుంటూరు నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేవారు. మిషన్ బడిలో సైన్సు చెప్పేవారు. ఆవిడ మా రేడియో వెనక అట్ట విప్పుతుంటే, ఈవిడకేం తెలుసులే అనుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది.

"మిక్సర్ వాల్వు సగం చచ్చిందమ్మాయ్," అన్నారు. గాలిలో వచ్చే తరంగంతో, పెట్టె తనలో పుట్టించుకున్న తరంగాన్ని కలిపేది ఆ వాల్వేనట. కలిస్తే రెండింటి తేడా కొత్త తరంగమై బయటికొస్తుంది. మిగతా పెట్టె దాన్నే పెంచి వినిపిస్తుంది. కొన్ని సెట్లలో పుట్టించడానికొక వాల్వు, కలపడానికొకటి. మాదాంట్లో రెండు పనులూ ఒక్కటే చేసేది.

"కలిపే సగం బాగానే ఉంది. పుట్టించే సగమే పోయింది. ఎదురింటి హకీం సాబు గారి రేడియో అడిగి తీసుకురా."

"అది సుత పలుకుత లేదు గద టీచరమ్మా!"

"దాని గొంతు పోయింది. మనకు కావలసింది గొంతు కాదుగా?"

లడాయి భయానికి హకీం సాబు తలుపులు నాలుగు రోజులుగా మూసే ఉన్నాయి. నా గొంతు గుర్తుపట్టి గొళ్లెం తీశారు. సంగతి విని, రేడియో తానే మోసుకొచ్చారు.

టీచరమ్మ రెండు పెట్టెలనూ ఆనించి పెట్టి, దానిలోంచి ఒక తీగ తెచ్చి దీని వాల్వు దగ్గర చుట్టారు. రెండు ముళ్లనూ ఒకే అంకె మీదికి మెల్లగా తిప్పారు. ఆ పెట్టెలో పుట్టిన తరంగం మా పెట్టెలో కలిసింది. మాట వచ్చింది.

"లడాయి బంద్ అయిందంట బేటీ," అన్నారు హకీం సాబు, కళ్లు తుడుచుకుంటూ. నేను టీచరమ్మను వాటేసుకుని ఏడ్చాను. అంత తెలివి, అంత నిదానం ఒక్క మనిషిలో నేను మళ్లీ చూడలేదు. ఆవిడ మాత్రం, "తీగ కదిలించకు," అన్నారు.

మూడో రోజు సాయంత్రం మా ఆయన వచ్చారు. మాసిన యూనిఫాంతోనే గుమ్మంలో నిలబడి, "ఇదేందీ, రెండు రేడియోలు?" అన్నారు. సరిగ్గా అప్పుడే మా పెట్టె గరగరమంది. అలవాటు కొద్దీ దాని నెత్తిన కొట్టడానికి చెయ్యెత్తారు.

పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. గరగర ఆగిపోయినా వదల్లేదు.