నేను మొక్కిన చుక్క

మీరు నమ్ముతున్న అంకె ఎక్కడ పుట్టిందో ఎప్పుడైనా వెళ్లి చూశారా? ఆ రోజుల్లో నేనూ చూడలేదు. ఎవరి చేతికి తాయెత్తు కనిపించినా ఆపి వాదించేదాన్ని. (తాయెత్తులు తగ్గలేదు, నన్ను పెళ్లిళ్లకు పిలవడం తగ్గింది.) అలాంటి నేను వికారాబాద్‌లో ఒక చిన్న ప్రయోగశాలలో చేరాను. గాజు పలక మీద వేల చుక్కలు, ఒక్కో చుక్క కందిమొక్కలోని ఒక్కో జన్యువుకు. మొక్క నుంచి తీసిన నమూనాను పలక మీద పోస్తే, చురుగ్గా ఉన్న జన్యువు చుక్క వెలుగుతుంది. చుట్టూ ఉన్న మసక వెలుగును అందులోంచి తీసేసి, మరకపడ్డ చుక్కలను కొట్టేసి, మిగిలినదాన్నే నమ్మాలి. అదే నా ఉద్యోగం.

తాండూరులో మా పెద్దనాయన కందిచేను ఏటా ఎండు తెగులుకు సగం పోయేది. పాత విత్తనమే మళ్లీ వేయాలా, కొత్త రకం వేయాలా తేల్చమని నన్నడిగాడు. గొప్ప చూపించుకోవడానికి వాడని పలకనొకదాన్ని తీసుకెళ్లి వాకిట్లోనే డబ్బా తెరిచాను. పక్కనే నాపరాళ్లు పాలిష్ చేసే షెడ్డు.

"గంత దుమ్ముల తెరుస్తున్నవేంది బిడ్డా, మూత పెట్టు" అంది పెద్దమ్మ, చాటలో కందులు చెరుగుతూ.

"ఇది సైన్సు పెద్దమ్మా, నీ చాట గాదు."

తిరిగొచ్చి ఆ పలక మీదే కొత్త రకాన్ని పరీక్షించాను. తెగులుతో పోరాడుతుందని మేం అనుకున్న జన్యువు చుక్క ధగధగ వెలిగింది. పలకను బొమ్మ తీసి చదివే కంప్యూటరు దాని పక్కన అనుమానపు గుర్తు పెట్టింది. యంత్రానికేం తెలుసని ఆ గుర్తు తీసేశాను. రెండో పలక మీద మళ్లీ చూడలేదు. "కొత్తదే వెయ్యి పెద్దనాయనా" అని ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పినంక ఇంకేం ఫికర్" అని ఆయన చేనంతా అదే వేసి, పాత విత్తనాన్ని పప్పు పట్టించాడు.

పూత రాకముందే చేను మొత్తం ఎండింది. అప్పుడు గాని పలక బొమ్మను పెద్దది చేసి చూడలేదు నేను. గుండ్రంగా ఉండాల్సిన చుక్క మీద, మొనదేలిన ఒక రాతి రవ్వ. వెలిగింది అదే.

వెళ్లి చెప్పాను. పెద్దనాయన తిట్టలేదు. "తాయెత్తులోళ్లతోని మస్తు కొట్లాడితివి గద. నీ మాటను గూడ నేను గట్లనే కట్టుకుంటి బిడ్డా" అన్నాడు. పెద్దమ్మ చాట నా ముందు పెట్టి, "ముందుగాల చెరుగు, యెనక చెప్పు" అంది.

యంత్రం కూడా అనుమానించినదాన్ని నమ్మిన ఆ హేతువాదిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ చేను పక్కనుంచి బస్సు వెళ్లేటప్పుడు మాత్రం రాదు. ఆ పాత విత్తనం ఇక ఆ ఇంట్లో లేదు. ఎవరైనా మీ ముందు ఫలితం పెడితే, వాళ్లు మీ ఇంటి బిడ్డే అయినా సరే, అసలు బొమ్మ చూపించమనండి. రెండోసారి చేశారా అని అడగండి. జవాబు వచ్చేదాకా మీ చేతిలోని విత్తనం వదలకండి.