మీ ఊరు ఎంత దూరం?

జనగామకు బదిలీ అయినవాళ్లు ముందుగా నాకే ఫోన్ చేస్తారు. మహబూబాబాద్ నుంచి వచ్చినా, భూపాలపల్లి నుంచి వచ్చినా మా ఆఫీసులో ఎవరో ఒకరు నా నంబర్ చేతిలో పెట్టి పంపిస్తారు. ఇల్లు ఎక్కడ చూసుకోవాలి, ఏమేం అడగాలి అంటారు. సలహాలు చెప్పడమంటే నాకు మహా సరదా. ఆఫీసు రైలు పట్టాలకు ఏ పక్కన ఉంటే ఆ పక్కనే ఇల్లు తీసుకోండి, లేకపోతే బతుకంతా చుట్టు తిరగడానికే సరిపోతుంది. నల్లా ఎప్పుడొస్తుందో ఓనర్‌ని అడగొద్దు, పక్కింటివాళ్లని అడగండి. కిటికీలకు జాలీలు ఉన్నాయో లేవో చూసుకోండి, ఇక్కడి కోతులు ఫ్రిజ్ తలుపు తీయడం కూడా నేర్చాయి. ఆదివారం చూసి ఇల్లు ఖాయం చేసుకోకండి, పని రోజున హైదరాబాద్ రైలు అందుకునేవాళ్ల హడావిడి ఎట్లా ఉంటుందో ఒకసారి చూశాక మాట్లాడండి. ఇట్లా చెప్తూనే పోతాను.

ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గు.

మాది కొత్తగూడ అవతల అడవి పక్కన తండా. ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు, బయట తెలుగు. నాకు మొదటి ఉద్యోగం భూపాలపల్లిలో వచ్చింది, అక్కడ క్వార్టర్‌లో ఉన్నాం. బొగ్గు బావుల వైపు పేలుళ్లకు అల్మారాలో గిన్నెలు గలగలమనేవి, అంతకు మించి మా జోలికి వచ్చినవాళ్లు లేరు. క్వార్టర్‌కు ఓనర్ అంటూ ఉండడు కదా. జనగామ వచ్చాకే తొలిసారి కిరాయి ఇల్లు వెతికాం, నేను, మా ఆయన, ఆయన నాన్న. అత్త అప్పటికే పోయింది. మామకు ఊపిరితిత్తుల జబ్బు. దవాఖాన దగ్గరగా ఉంటుందని వెంట తెచ్చుకున్నాం.

ఏ ఇంటికి వెళ్లినా ఓనర్లు మమ్మల్ని చూసేవాళ్లు, మామను చూసేవాళ్లు, "మీది ఏ ఊరు? ఎంత దూరం?" అని అడిగేవాళ్లు. ఎంత కలుపుగోలు మనుషులో అని నేను మురిసిపోయాను. నర్సంపేట దాటాక ఎన్ని మలుపులో, వానాకాలం వాగు ఎట్లా పొంగుతుందో అడగకపోయినా చెప్పేదాన్ని. అంతా విన్నాక కొందరికి హఠాత్తుగా తమ్ముడు కాపురానికి వస్తున్నాడని గుర్తొచ్చేది. తండావాళ్లమని ఇవ్వడం లేదని నాకు ఒళ్లు మండిపోయేది. అది కూడా కొంత నిజమే అయివుంటుంది, కానీ అసలు సంగతి అది కాదు.

చివరికి ఒక ముసలావిడ ఇచ్చింది. భర్త లేడు, కింద ఒక్కతే ఉండేది. ఆమె కూడా అడిగింది.

"మీ తండాకు బస్సు వోతదా బిడ్డా?"

"పోతది అవ్వా."

"అయితే ఏం ఫికర్ లేదు," అని తాళంచెవి ఇచ్చింది.

ఆమెకూ మామకూ భలే కుదిరింది. ఆమె ఆయన్ని అన్నా అనేది, ఆయన చెల్లె అనేవాడు. ఆమె మేడ మీద వడియాలు పెడితే మామ కర్ర పట్టుకుని కోతులకు కాపలా కూర్చునేవాడు. అక్కడి నుంచి రైలు పట్టాలు కనిపించేవి. ఆగకుండా వెళ్లిపోయే రైలంటే ఆయనకు కోపం. "గంత పొగరేందో! ఊరు కనవడ్తలేదా దానికి?" అని తిట్టేవాడు. కింద ఆమె నవ్వేది. నేనూ మా ఆయనా కిరాయి ఇంట్లో మా భాష మాట్లాడాలంటే గొంతు తగ్గించేవాళ్లం. మామ తగ్గించేవాడు కాదు. "దొంగతనం చేస్తున్నమా ఏంది?" అనేవాడు మా భాషలోనే, గల్లీ అంతా వినపడేట్టు.

ఆ చలికాలం ఆయనకు ఊపిరి అందడం కష్టమైంది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్లండి, ఇష్టమైంది పెట్టండి అన్నారు. ఆ మాటకు అర్థం మాకు తెలుసు. పట్టాలు కనిపించే కిటికీ పక్కన మంచం వేశాం.

ఆ సాయంత్రమే ఓనరవ్వ జొన్న జావ చేసుకుని పైకి వచ్చింది. మంచం పక్కన కూర్చుని నాలుగు చెంచాలు తాగించింది. కొంగుతో ఆయన మూతి తుడిచింది. తర్వాత నన్ను మెట్ల మీదికి పిలిచింది.

"అన్నను ఊరికి ఎప్పుడు తోల్కపోతరు బిడ్డా?"

"ఊరికెందుకవ్వా? ఈడనే ఉంటడు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "గట్ల కాదు బిడ్డా. కిరాయి ఇంట్ల పీనుగ లేవద్దంటరు. గడియ మంచిగ లేకుంటే ఇల్లే ఇడిశిపెట్టి పోవాల్నంట. నేనొక్కదాన్ని, ముసల్దాన్ని. నేనేడికి పోవాలె?"

లోపల మనిషి ఊపిరి తీస్తున్నాడు. ఆ శబ్దం మెట్ల దాకా వినిపిస్తోంది. బయట ఆయన్ని పీనుగ అంటున్నారు. ఊరు ఎంత దూరమని అడిగినవాళ్లందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లందరికీ నేను వాగుల గురించి, మలుపుల గురించి కథలు చెప్పాను. నా వెర్రితనానికి నాకే తల కొట్టేసినట్టయింది.

కోపం రాలేదా అంటే వచ్చింది. ఆఫీసులో ఎదురుమాట పడని మనిషిని నేను. కానీ ఆమె ఏడుస్తోంది, ఆ ఇల్లు ఆమెది, మేం కిరాయివాళ్లం. మా ఆయన కూడా నా వెనకాలే వచ్చి అంతా విన్నాడు. ఇద్దరం లోపలికి వెళ్లాం. మామ పక్కన కూర్చుని మా భాషలో అన్నాను, "ఊరికి పోయి నాలుగు రోజులు ఉండొద్దాం మామా, జర గాలి మారుతది."

ఆయన నా వైపు తల తిప్పాడు.

"మెట్ల కాడ తెలుగుల మాట్లాడుకున్నరు. నాకు తెలుగు రాదనుకున్నవా?"

నేను తల ఎత్తలేకపోయాను. ఆయనే మళ్లీ అన్నాడు, "చెల్లెను ఏమనకుండ్రి. ఆమెకు భయం."

మర్నాడు పొద్దున వ్యాన్ మాట్లాడి తీసుకెళ్లాం. గేటు దగ్గర ఓనరవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పడుకున్నచోటి నుంచే మామ, "వడియాలు ఎండవెట్టిందా? కోతులొస్తయని చెప్పు," అన్నాడు. నేను చెప్పలేదు. ఆమె మొహం చూడబుద్ధి కాలేదు.

తండాలో మా ఇంటి రేకులు గాలివానకు ఎప్పుడో లేచిపోయాయి. వ్యాన్ ఆగగానే పక్కింటివాళ్లు మంచం తెచ్చి మామను వాళ్ల ఇంట్లోకే మోసుకుపోయారు. ఆ ఇంటామె నన్ను ఒకే ఒక్కటి అడిగింది. "ఏం తాగుతున్నడు?" అంతే. ఆయన అక్కడే పోయాడు, వాళ్ల ఇంట్లో, వాళ్ల మంచం మీద. ఇంత బాగాలేని మనిషిని అంత దూరం ఎందుకు తెచ్చారని వచ్చినవాళ్లు అడిగితే, "ఊరికి పోదామని ఆయనే అన్నడు," అని చెప్పాను. కిరాయి ఇంటి నుంచి పంపించేశారని చెప్పుకోవడానికి నామోషీ. ఆయన వినడానికి లేడు కాబట్టి ఆ మాట చెల్లింది.

తర్వాత అప్పోసప్పో చేసి జనగామ చివర సొంత ఇల్లు కట్టుకున్నాం. పునాది తీసిన రోజే మా ఆయన అన్నాడు, "ఇగ మనల్ని ఎవ్వలు పొమ్మనరు." పైన ఒక పోర్షన్ వేశాం, కిరాయికి.

పోయిన నెల భూపాలపల్లి నుంచి ఒక అబ్బాయికి మా ఆఫీసుకు బదిలీ అయింది. ఫోన్‌లో నా సలహాలన్నీ చెప్పి, మా పైపోర్షనే ఖాళీగా ఉంది చూసుకోమన్నాను. భార్యతో, తల్లితో వచ్చాడు. ఆ పిల్ల చురుకైంది, నల్లా తిప్పి చూసింది, జాలీలు లాగి చూసింది. తల్లి వెనకాల వస్తోంది. నాలుగు మెట్లెక్కి ఆగింది, దగ్గింది, మళ్లీ ఎక్కింది. పై మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గే.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది.

"మీ ఊరు ఎంత దూరం?"

స్విచ్‌బోర్డు చూపిస్తున్న మా ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు ఒకసారి చూసి, కిందికి దిగి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. ముచ్చటపడి చెప్పడం మొదలుపెట్టాడు. "కాటారం అవుతల అక్కా. మస్తు దూరం. భూపాలపల్లి దాటినంక అంతా అడివే, వానాకాలమైతే..."

"దగ్గరనే బిడ్డా," అంది మెట్టు మీది నుంచి తల్లి. కొడుకు మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె నా వైపే చూస్తోంది, కోపం లేదు, ఎరిగిన మనిషిని చూసినట్టే చూస్తోంది. "బస్సు ఉన్నది. నాకు ఏమన్నయితదనిపిస్తే నేనే ముందుగాల ఎక్కిపోత. నా పిల్లలకు ఇల్లియ్యి."

ఆ క్షణాన మెట్లు నన్ను మింగేసినా బాగుండుననిపించింది. తాళంచెవి తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాను.

ఇప్పుడు వాళ్లు పైనే ఉంటున్నారు. పొద్దున ఎండ వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుంటుంది. వెళ్తూ వస్తూ నేను పలకరిస్తాను, తిన్నావా అవ్వా అంటాను, కూర చేస్తే గిన్నెలో పెట్టి ఇస్తాను. నువ్వు ఏ బస్సూ ఎక్కనక్కర్లేదు అన్న మాట మాత్రం ఇంతవరకు నా నోటికి రాలేదు.