ఐరిష్ బాబా తిత్తి, బుడేన్ సాహెబ్ సన్నాయి

బుడేన్ సాహెబ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని మా వాళ్లు అప్పుడప్పుడూ అడుగుతారు. చెప్పను. ఆ మనిషి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమంటే మాత్రం చెబుతాను. ఆ నాలుగు నెలలూ అతని పక్కన ఉన్నది నేనొక్కదాన్నే.

మాది రాయచోటి. అతనిది ఆ పక్కనే ఒక పల్లె. ఇద్దరం దూదేకులవాళ్లమే, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్లది తాతల నాటి నుంచీ సన్నాయి ఇల్లు. దేవుడి పెళ్లయినా, పీర్ల పండగైనా ముందు వాళ్ల సన్నాయి మోగాల్సిందే. సన్నాయి కూడు పెట్టని రోజులొచ్చి అతను కువైట్ చేరాడు. రుమైతియాలో ఒక ఐరిష్ వాళ్ల ఇంట్లో వంటకు కుదిరాడు. అదే నెలలో ఆ ఇంట్లోనే పైపనికి నేను చేరాను. అంతకు ముందు పదకొండేళ్లు అరబ్బుల ఇళ్లలో చేశాను కాబట్టి అరబీ నాకు నీళ్లు తాగినట్టు వచ్చు. అతనికి పద అనడానికి యల్లా, అయిపోయింది అనడానికి ఖలాస్ తప్ప మూడో ముక్క రాదు.

ఇంటాయన పేరు డెక్లన్, చమురు కంపెనీలో ఇంజనీరు. ఆమె ఊనా, బడిలో టీచరు. అక్కడి పనివాళ్ల అలవాటు కొద్దీ మేము ఆయన్ని బాబా అనీ ఆమెను మామా అనీ పిలిచేవాళ్లం. చెడ్డవాళ్లని చెప్పలేను. కానీ గురువారం వచ్చిందంటే నాకు ఒళ్లు మండేది. ఆ సాయంత్రం హాల్లో వాళ్ల దేశపు పాటల కచేరీ. సోఫాలు గోడకు జరపాలి, కుర్చీలు వేయాలి, ముప్పై మందికి టీలు, రొట్టెలు. వచ్చేవాళ్లంతా వాళ్ల ఊళ్ల నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు. ఒకరు ఫిడేలు, ఒకరు పిల్లనగ్రోవి, ఒకరు డప్పు లాంటిది. బాబాది తిత్తి. చంకలో తోలు సంచి, ఇంకో మోచేతి కింద కొలిమి తిత్తి. నోటితో ఊదే పనే లేదు, మోచేత్తో గాలి కొట్టడమే.

నేను చేరిన మొదటి గురువారమే బుడేన్ సాహెబ్ నా చెవిలో గొణిగాడు. "సూడు మే షరీఫా, మన తిత్తే అది! శ్రుతి పట్టే తిత్తి! వీళ్లకెట్లొచ్చినాదో!" అంటూ సంబరంలో ట్రే వంచేసి సగం టీ కార్పెట్ మీద పోశాడు. తుడిచింది ఎవరు? నేనే.

ఆ కచేరీలో ఒక ఆనవాయితీ ఉండేది. ఒకరు పాడగానే, తరవాత ఎవరు పాడాలో ఆ మనిషే పేరు పెట్టి పిలవాలి. పిలిచాక కాదనడానికి లేదు, రాకపోయినా పాడాలి. గాడిద గొంతు డాక్టరును కూడా పిలిచేవాళ్లు. చిన్నపిల్లల్ని పిలిచేవాళ్లు. ఆ పిలుపు హాలంతా తిరిగేది గానీ వంటింటి గడప దగ్గరికి ఒక్కనాడూ రాలేదు. గడప ఇవతల ఈ మహానుభావుడు సన్నాయి పీక దవడలో పెట్టుకుని నిలబడేవాడు. రెల్లుతో చేసిన పీక ఎండితే పగులుతుంది, నోట్లో నానితేనే పలుకుతుంది. ఎనిమిదేళ్లు, ప్రతి గురువారం, అలాగే నానబెట్టుకుని నిలబడ్డాడు.

"ఎవురు పిలుచ్చారని అన్నా, అది నోట్లో పెట్టుకోని నిలబడతావు?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"పిలుచ్చే పీక ఎండిపోయి ఉండగూడదు గదా మే."

"టీ గ్లాసులు మోసేటోన్ని పిలుచ్చారా? నోరుండాది గదా, నువ్వే అడుగు."

"అడిగితే బిచ్చం మే. పిలుచ్చేనే మర్యాద."

మర్యాదట! ఎవరి సంగీతం వాళ్లకు ముద్దు. కళ్లు మూసుకుని తన్మయత్వంతో వినేవాళ్లు, కళ్లు తెరిచి ఎదురుగా ఎవరున్నారో చూడరు. నాకు వాళ్ల మీదా కోపమే, ఇతని మీదా కోపమే.

తొంభైలో ఇరాక్ వాళ్లు కువైట్ మీద వచ్చిపడిన ఆ ఆగస్టు రెండో తేదీ కూడా గురువారమే. మామా ఎండాకాలం సెలవులకు వాళ్ల దేశం వెళ్లి ఉంది. ఇంట్లో బాబా ఒక్కడే. తెల్లారేసరికి వీధుల్లో ట్యాంకులు. కొన్ని రోజులకు తెల్లవాళ్లను ఇళ్లలోంచి పట్టుకుపోవడం మొదలైంది. దాచినవాళ్లకు ఉరి అని చాటారు. మన వాళ్లు దొరికిన బస్సల్లా ఎక్కి జోర్డాన్ దారి పడుతున్నారు. మంగఫ్‌లో ఉన్న రాయచోటి వాళ్లు బస్సు మాట్లాడుకుని నాకూ చోటు పెట్టామని కబురు చేశారు. పాస్‌పోర్టు బాబా తన చేతులతోనే తీసి ఇచ్చాడు. మూట కట్టుకుని వంటింట్లోకి వచ్చి చూద్దును కదా, బుడేన్ సాహెబ్ దాని వెనకున్న సామాన్ల గదిలో పరుపు వేసి బాబాను లోపల పెట్టి, తలుపుకు అడ్డంగా గిన్నెల బీరువా జరుపుతున్నాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టినాదా? ఉరేచ్చారంట!"

"నువ్వు పో మే. నేను చూసుకుంటాలే."

"ఏం చూసుకుంటావు? వాళ్లొచ్చి అరబీలో అడిగితే యల్లా అంటావా, ఖలాస్ అంటావా?"

అతను బీరువాను ఇంకో జానెడు జరిపాడు. బస్సు వెళ్లిపోయింది, నేను ఉండిపోయాను. ప్రేమతో ఉన్నానని ఎవరూ అనుకోవద్దు. నేను పోతే మొదటి తనిఖీలోనే ఇద్దరూ దొరికిపోతారు, ఆ పాపం నా మెడకు చుట్టుకుంటుంది. తిట్టుకుంటూనే మూట విప్పాను. మన పాట ఒక్కటి వినని మనిషి కోసం మనం ఉరికంబం ఎక్కాలా అని రోజూ అడిగేదాన్ని.

ఎదురింటి వాళ్లు ఊళ్లో లేకపోవడంతో ఆ ఇంట్లో ఇరాక్ సైనికులు దిగారు. వాళ్లకు పెద్ద ఒక కెప్టెన్. అతను వచ్చి ఇల్లంతా ఒకసారి చూశాడు. బాబా, మామా సెలవులకు వెళ్లారని నేను కళ్లార్పకుండా చెప్పాను. నమ్మాడు.

పక్క గోడ వాళ్లు కువైటీలే. ఆ ఇంటి ఇల్లాలు ఉమ్ జాసిమ్, అంటే జాసిమ్ తల్లి. పెద్దకొడుకు పేరుతో పిలవడం అక్కడి అలవాటు. కొట్లన్నీ దోచుకుపోయాక ఆమే గోడ మీదుగా మాకు రొట్టెలు అందించేది. జాసిమ్‌కు ఇరవై రెండేళ్లు. ఇరాక్ వాళ్లకు ఎదురు తిరగమనే కాగితాలు పంచుతాడని వీధంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను. బీరువా వెనక నుంచి తిత్తి మోగింది! నెల రోజులు చీకట్లో ఉండి బాబాకు మతి చలించినట్టుంది. ఎంత మెల్లగా వాయించినా తిత్తి తిత్తే. బుడేన్ సాహెబ్ పరుగెత్తి వెళ్లి ఆయన చేతులు పట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. గుమ్మంలో బూట్ల చప్పుడు. బీరువా జరపడానికి మాత్రమే సమయం చిక్కింది.

"ఎవరు వాయించారు?" అన్నాడు కెప్టెన్. ఆ మాట నేను బుడేన్ సాహెబ్‌కు తెలుగులో చెప్పాను.

బుడేన్ సాహెబ్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "నేనే అని చెప్పు మే."

"అయితే వాయించు."

పెట్టె తెరిచి, పాత లుంగీలో చుట్టిన సన్నాయి తెచ్చాడు. పీక నోట్లో తడిపి బిగించాడు. ఎనిమిదేళ్లుగా ఊదని సన్నాయి. అయిపోయాం రా దేవుడా అనుకున్నాను. మొదటి ఊపిరికి కోడి గొంతు పిసికినట్టు కూసింది. సైనికులు పకపకా నవ్వారు. రెండో ఊపిరికి ఆ నవ్వు ఆగింది. మా ఊరి పెళ్లిపందిరి మొత్తం ఆ హాల్లోకి దిగినట్టయింది. "మా పల్లెల్లోనూ ఇలాంటిది ఊదుతారు" అంటూ కెప్టెన్ మామా కుర్చీలో కూలబడి, బూట్లతోనే కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. లేస్తూ, "రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తాం" అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

వాళ్లు పోయాక బీరువా జరిపితే బాబా అడిగిన మొదటి మాట, "అది ఎవరి కేసెట్?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కేసెట్ కాదు, నీ వంటవాడు!" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆయన బుడేన్ సాహెబ్ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఎనిమిదేళ్ల తరవాత అప్పుడు చూశాడు!

ఆ రోజు నుంచీ ప్రతి సాయంత్రం కచేరీ. అవే కుర్చీలు, అవే గ్లాసులు. అయిదారుగురు సైనికులు వచ్చేవాళ్లు. ముందు టీ ఇచ్చి, తరవాత వాయించేవాడు. బీరువా వెనక బాబా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాడు. వాళ్లకు కావలసింది దొరుకుతున్నంత కాలం ఇల్లు వెతకరు, అది నాకూ తెలుసు. కానీ వారం తిరక్కుండానే ఇంకోటి కనిపెట్టాను. మధ్యాహ్నం కాగానే ఇతను గడ్డం గీసుకుంటున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"బయపడి వాయిచ్చేటోనికి ఇస్త్రీ సొక్కా ఎందుకన్నా?"

"మురికి సొక్కాతో సన్నాయి ముట్టగూడదు మే" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

ఆ చప్పుడు వీధంతా వినేది. ఇంటింటికీ చావు భయం ఉన్నప్పుడు సైనికులకు పెళ్లిపాటలు వాయించే మనిషిని ఎవరు మెచ్చుకుంటారు? రొట్టెల దుకాణం దగ్గర వరసలో మమ్మల్ని వెనక్కి నెట్టేవాళ్లు. ఉమ్ జాసిమ్ గోడ మీదుగా రొట్టె ఇవ్వడం మానేసింది. ఆమెకు నిజం చెబుదామని నా నాలుక చివరిదాకా వచ్చేది. చెబితే ఒక చెవి నుంచి ఇంకో చెవికి పాకి బాబా ప్రాణం పోతుంది. నోరు మూసుకున్నాను.

అక్టోబర్‌లో ఒక ఉదయం జాసిమ్‌ను జీపులో తెచ్చారు. రెండు రోజుల ముందే పట్టుకుపోయారు. చేతులు వెనక్కి కట్టి, సొంత ఇంటి గేటు ముందు నిలబెట్టి, తల్లిని బయటికి పిలిచి, ఆమె కళ్ల ముందే కాల్చారు. సాయంత్రందాకా శవాన్ని ఎవరూ ముట్టకూడదన్నారు. మన కెప్టెన్ ఎదురింటి మెట్ల మీద సిగరెట్ కాలుస్తూ నిలబడి చూశాడు. ఉమ్ జాసిమ్ ఏడవలేదు. ఆ ఎండలో కొడుకు పక్కన నేల మీద కూర్చుంది.

"ఈ పొద్దు వద్దన్నా, నీకు దండం పెడతా" అన్నాను. "జొరమొచ్చినాదని చెబుతా."

"జొరమంటే లోపలికొచ్చి చూచ్చారు మే. లోపల మనిషుండాడు."

నిజమే. అసర్ కాగానే కెప్టెన్ వచ్చి కూర్చున్నాడు, ఏమీ జరగనట్టు. బుడేన్ సాహెబ్ సన్నాయి ఎత్తాడు. పెళ్లికూతుర్ని సాగనంపేటప్పుడు వాయించే వరస. అల్లా! ఆ మనిషి ఆ రోజు వాయించినట్టు అంతకు ముందు ఎన్నడూ వాయించలేదు. కెప్టెన్ చెంపల మీద నీళ్లు కారాయి. నేను చేతిలో గిన్నె కింద పెట్టి, నన్ను నేను మరిచిపోయి విన్నాను. గోడ అవతల తల్లి కొడుకు శవం దగ్గర కూర్చుని ఉంది, నేను వింటున్నాను. అతని మీద కోపమని చెబుతున్నానే, అందులో సగం నా మీదే.

మర్నాడు బుడేన్ సాహెబ్ చెత్త పారేయడానికి వెళితే ఉమ్ జాసిమ్ అతని మొహాన ఉమ్మింది. తుడుచుకుని, లోపలికి వచ్చి అన్నం వండాడు. సాయంత్రం మళ్లీ కచేరీ. నవంబర్ చివర ఆ కెప్టెన్ దండును వేరే చోటికి పంపేదాకా ఒక్క రోజూ తప్పలేదు.

డిసెంబర్‌లో విదేశీయులందరినీ వెళ్లనిస్తామని ప్రకటించారు. గడ్డం పెరిగి, సగమైపోయిన బాబా బయటికి వచ్చాడు. బుడేన్ సాహెబ్‌ను వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అంతా సర్దుకున్నాక మొదటి గురువారం ముందు నువ్వే వాయించాలి. నేను పిలుస్తున్నాను" అన్నాడు. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన పిలుపు! ఇతను సంతోషపడతాడేమోనని చూశాను. "సరే బాబా" అని సంచి మోసి కారులో పెట్టాడు, అంతే.

కారు మలుపు తిరగగానే నా వైపు తిరిగాడు. "పద మే. ఆ తల్లికి చెప్పాల. ఇంగ దాచే పని ల్యా."

ఉమ్ జాసిమ్ తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. లోపల మనిషిని దాచాం, వాయించకపోతే ఇల్లు వెతికేవాళ్లు, నీ కొడుకు పోయిన రోజు కూడా అందుకే వాయించాడు, క్షమించమని అడుగుతున్నాడు. ఆమె మొత్తం వింది.

"నాకు తెలుసు" అంది. "మొదటి రోజే తెలుసు. ఎనిమిదేళ్లు ప్రతి గురువారం గోడ అవతల నుంచి ఆ ఐరిష్ ఆయన వాయిద్యం విన్నదాన్ని. అది వేరు, ఇది వేరు. ఆ మధ్యాహ్నం ముందు మోగింది ఆయనదే. నా కొడుకును తీసుకుపోయినప్పుడు, మీ ఇంట్లో మనిషిని చూపించి నా బిడ్డను విడిపించుకోవాలని కూడా అనిపించింది. చూపించలేదు. ఇతను వాయించక తప్పదని నాకు తెలుసు, రొట్టె ఆపింది వీధి చూస్తుందనే. కానీ ఆ రోజు, ఆ ఒక్క రోజు, అంత బాగా వాయించకుండా ఉండొచ్చు కదా?"

చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.

"ఏమంటాది మే?" అన్నాడు. పాపం, అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. క్షమించిందని చెప్పి ఉండొచ్చు. నేను తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. కానీ రెండు నెలలుగా నా కడుపులో మండుతున్న మాటనే ఆమె అంది. ఆమె అన్నది అన్నట్టు, ఒక్క మాట వదలకుండా చెప్పేశాను.

అతను ఆ మూసిన తలుపు ముందే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నిజమే మే" అన్నాడు. "చెడగొట్టి వాయిద్దామనే ఎత్తుకున్యా. రెండు వరసలు చెడగొట్టినా గూడా. ఆ కెప్టెన్ కండ్లు మూసుకోని ఇంటాంటే... ఎనిమిదేండ్లు మే... నా వల్ల కాల్యా."