ఒక్క గంట కొట్టిన దొర

మా ముత్తాత రాఘవరావు దొర, తాత నరసింహారావు దొర. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తగాదా అయినా కోటలాంటి మా గడీ అరుగు మీదే తేలేది. ఆ అరుగు పక్కన ఒక ఇత్తడి గంట వేలాడేది. తాత దాన్ని ఒక్కసారి కొడితే చాలు, ఎక్కడి పని అక్కడ వదిలి మనుషులు పరుగెత్తుకొచ్చేవారు. అంతటి గంటతో గోదావరిఖని పాలిటెక్నిక్‌లో నేనొక ప్రళయం తెప్పించాను. కాస్త నవ్వు దాచుకుని వినండి.

నా కాలానికి గడీ లేదు. మిగిలినవి రెండే: ఆ గంట, వంగని నా వెన్ను.

చివరి ఏడాది ముగ్గురం కలిసి ఒక ప్రాజెక్టు చేయాలి. ముగ్గురికీ ఒకటే మార్కు. నా జట్టులో సరిత, రమేశ్. ఇద్దరి నాన్నలూ గనిలో పనిచేసేవారు. పాసైతే సరితకు జ్యోతినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం సిద్ధంగా ఉంది, తప్పితే అది ఇంకొకరికి పోతుంది.

మాది గని నమూనా. ఏటవాలు చెక్క మీద పట్టాలు, పట్టాల మీద బొగ్గు నింపిన చిన్న డబ్బా, దాన్ని తాడుతో లాగే మోటారు. పైన మోటారు దగ్గర సరిత, అట్ట తెర వెనక. కింద బొగ్గు నింపేది రమేశ్. గనిలో మోటారు నడిపేవాడికి కిందివాళ్ళు కనపడరు కదా, అందుకని మాటల్లేవు, అంతా గంటతోనే. గంట కొట్టే పదవి నాది. గంటే నాది మరి.

"దొరా, రేపు మా క్వార్టర్‌కు రా. గంటల లెక్క ఒకసారి కలుపుకుందం," అంది సరిత.

"గంట కొట్టుడు నాకు నేర్పుతరా? అది మా రక్తంలనే ఉన్నది."

"గట్ల కాదు రా, ముగ్గురం ఒక్క తీరుగ అనుకోవాలె," అన్నాడు రమేశ్.

"మీరు అనుకోండ్రి. నేను కొడ్త."

వెళ్ళలేదు. దొరబిడ్డ రిహార్సల్‌కు వెళ్తాడా, మీరే చెప్పండి.

పరీక్ష రోజు వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మల్లెపువ్వు లాంటి తెల్ల ప్యాంటు వేసుకొచ్చారు. నేను తాతలా గడ్డమెత్తి గంట ఒక్కసారి కొట్టాను. గది మారుమోగింది. డబ్బా కదలలేదు.

మళ్ళీ ఒక్కటి కొట్టాను.

"ఆగే ఉన్న కద, ఇంకేం ఆపాలె?" అని తెర వెనక సరిత గొణిగింది. నాకది పచ్చి ధిక్కారంలా వినిపించింది.

కోపంతో రెండు కొట్టాను. డబ్బా ఠీవిగా పైకి బయలుదేరింది. నా ఆనందం చూడాలి! శభాష్ అన్నట్టు ఇంకొకటి కొట్టాను. సగం దారిలో ఆగిపోయింది. ఒళ్ళు మండి వరుసగా మూడు కొట్టాను. అదే క్షణంలో పరీక్షకుడు పట్టాలు చూద్దామని కింది చివర వంగారు. డబ్బా ఎద్దులా కిందికి దూసుకొచ్చి బొగ్గంతా ఆ తెల్ల ప్యాంటు మీద కుమ్మరించింది.

సాయానికి అందరూ రావాలని ఆపకుండా కొట్టాను. అందరూ వచ్చారు, కానీ నా దగ్గరికి కాదు. మా కాలేజీలో ఆగని గంటంటే ఇంటి గంట. తరగతులన్నీ ఖాళీ అయ్యాయి, బైకులు గర్జించాయి, ప్రిన్సిపాల్‌గారు కూడా టిఫిన్ డబ్బాతో వరండాలోకి వచ్చి ఎండ వైపు అనుమానంగా చూశారు.

"తప్పెవరిది?" అన్నారు పరీక్షకుడు, ప్యాంటు దులుపుకుంటూ.

మా వంశంలో తప్పు ఒప్పుకున్నవారు లేరు గనక నేను ఫ్యాను చూశాను.

సరిత తెర వెనక నుంచి వచ్చింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో మాత్రం నిప్పు. "సార్, ఒకటి అంటె ఆపు, రెండు అంటె గుంజు, మూడు అంటె దించు. నేను తప్పు చేసిన్నా? ఆయన మాకు గంట కొడ్తలేడు సార్, నౌకర్లను పిలుస్తున్నడు."

పరీక్షకుడు నన్ను, గంటను మార్చి మార్చి చూసి పకపకా నవ్వారు. "మళ్ళీ చేయండి. గంట రమేశ్ కొడతాడు. నువ్వు బొగ్గు నింపు."

వెన్ను వంగింది. ఒలికిన బొగ్గంతా దోసిళ్ళతో నింపాను. రమేశ్ గంట ప్రకారం డబ్బా పెళ్ళికూతురిలా వెళ్ళి వచ్చింది. పాసయ్యాం.

"బొగ్గు మంచిగ నింపినవ్ దొరా," అంది సరిత బయటికి వస్తూ. "రేపటి సంది డ్యూటీకి రా."

ఆ రోజే పూర్వీకుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఎదుటివాడి లెక్క అడగకుండా ఈ జన్మలో గంట ముట్టను. ఇంతవరకు తప్పలేదు.

ఆ వేసవిలో మా నాన్న ఆ గంటను పెద్దపల్లిలో పాత ఇత్తడి కింద అమ్మేశాడు.