పైన ఫ్యూజు చూశాకే

కిందటి నెల మా అత్తగారు పోయారు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి అలా వెనక్కి వాలారు. సత్తెనపల్లిలో మా జిన్నింగు మిల్లుకి పత్తి తోలిన రైతులందరికీ ఆవిడ తెలుసు. మామగారు పోయాక మిల్లు నడిపింది ఆవిడే. నోరు పెద్దది. ఆ నోటికి జడిసినవాళ్లలో నేనే మొదటిదాన్ని.

మిల్లుకి కరెంటొచ్చిన కొత్తలో మెయిన్ స్విచ్చు గుంటూరు వెళ్లి ఆవిడే కొన్నారు. షార్టయితే ఇది తట్టుకుంటుందా అని కొట్టాయన్ని అడిగారట. "పైన నేను చెప్పిన ఫ్యూజే ఉంటే తట్టుకుంటుందమ్మా. లేకపోతే పెట్టె పగిలి, ఎదుటివాడి మొహాన మంట కొడుతుంది" అన్నాడట. ఇంటికొచ్చి నాతో, "స్విచ్చు ఓర్పు దాని ఒక్కదాని చేతిలో లేదే. కోడలి ఓర్పు అత్తని బట్టి ఉన్నట్టే" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక మజ్జిగ చిలుకుతూ కూర్చున్నాను.

అప్పట్నుంచీ రోజూ స్టూలు ఎక్కి ఫ్యూజు చూశాకే, స్విచ్చు వేసే సాయిబుగారితో "ఎత్తు" అనేవారు.

ఒక ఏడు పత్తి ముమ్మరంగా వస్తుండగా ఫ్యూజు పోయింది. అలాంటిది ఊళ్లో దొరకలేదు. రోడ్డు పొడుగునా బళ్లు. మా ఆయన, "ఇవాళ్టికి రాగి తీగ చుట్టేద్దామమ్మా" అన్నారు. రైతులదీ అదే మాట.

"చుట్టు. స్విచ్చు హ్యాండిలు మాత్రం సాయిబు కాదు, నువ్వు పట్టుకోరా" అన్నారావిడ.

మా ఆయన తీగ పక్కన పడేశారు. కొన్ని బళ్లు పక్క మిల్లుకి మళ్లాయి. గుంటూరు బస్సులో ఫ్యూజు వచ్చేదాకా మిల్లు తిరగలేదు.

ఆ సీజను దాటకముందే ఎలుకలు కేబుల్ కొరికాయి. సాయిబుగారు హ్యాండిలు ఎత్తగానే షార్టయింది. పైన ఫ్యూజు టప్పుమని పోయింది. స్విచ్చు తలుపు కూడా కదల్లేదు. ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకుని మంచినీళ్లు అడిగారు. అత్తగారే తెచ్చిచ్చారు. "ఫ్యూజుదేముంది, కొనుక్కుంటాం" అన్నారు.

నాకు పిల్లలు ఆలస్యమై చుట్టాలు నోళ్లు పారేసుకున్నప్పుడూ ఆ పెద్ద నోరే అడ్డం నిలిచింది. ఒక్క మాట నా దాకా రానివ్వలేదు. ఆవిడ ఉండబట్టే నేను ఆ ఇంట్లో తలెత్తుకు తిరిగాను.

దినాలు అయ్యాక మిల్లు తెరిచాం. సాయిబుగారు హ్యాండిలు మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"పైన చూసేవాళ్లు లేరమ్మా" అన్నారు.

కొంగు దోపుకుని స్టూలు ఎక్కాను. ఫ్యూజు చూశాను. "ఎత్తండి" అన్నాను. మిల్లంతా వినపడేంత పెద్దగా వచ్చింది నా గొంతు.