మావయ్య తినని దెబ్బలు

దెబ్బలు తిని పేరు తెచ్చుకున్న మనిషి మా బంధువుల్లో మా మేనమామ ఒక్కడే. కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక, మీసాల పుణ్యమా అని ఆయనకి ఒక తెలుగు క్రైమ్ థ్రిల్లర్‌లో రౌడీ వేషం దొరికింది. కథలో హంతకుడు కలకత్తా వచ్చి దాక్కుంటాడట. గంగ ఒడ్డున పాత గోడౌన్‌లో షూటింగ్. హీరో ఈయన్ని గుండెల మీద తన్నాలి, ఈయన వెళ్లి ఖాళీ పెట్టెల మీద పడాలి. డైరెక్టరుకి తృప్తి కలగక, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. టీ కొట్టు దగ్గర, రేషన్ షాపు దగ్గర, చివరికి ఒకరింట్లో పదో రోజు భోజనాల దగ్గర కూడా ఎలా పడ్డాడో పడి చూపించాడు. వీధిలో సగంమంది నమ్మలేదు. "తెర మీద చూస్తాంలే" అన్నారు. పాపం, ఉద్యోగమంతా ఎవరి కంటా పడకుండా గడిపిన మనిషి. ఆ ఒక్క తన్ను అందరూ చూడాలని కాచుక్కూర్చున్నాడు.

సినిమా రానే వచ్చింది. ఇక్కడ తెలుగు బొమ్మ ఆడేదే అంతంతమాత్రం. న్యూ టౌన్‌లో మా ఫ్లాటుకి దగ్గరున్న మల్టీప్లెక్సులో ఆదివారం ఉదయం ఒకే ఒక్క ఆట. మావయ్య వీధి వీధంతా తరలివచ్చింది. వాళ్ల పక్కింటి బెంగాలీ దాదాకి తెలుగు ముక్క రాదు. తన్నడానికి భాషెందుకని ఆయనా వచ్చాడు. మావాళ్ల చేతుల్లో చించిన కాగితం ముక్కల సంచులు చూసి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు బుర్ర గోక్కున్నారు. తినేవి తేకూడదన్న రూలుంది గానీ కాగితాల సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

అత్తయ్య మాత్రం రానంటే రానంది. "కట్టుకున్నోడిని ఎవుడో తంతుంటే టికెట్టు కొనుక్కుని సూడాలేటి?" అంది. నేను బతిమాలితే వచ్చి నా పక్కన కూర్చుంది. దీపాలు ఆరగానే కళ్లు మూసుకుని, చెవుల మీద చేతులు పెట్టుకుని, తల మీంచి కొంగు కప్పేసుకుంది.

హీరో పోలీసు. కూర్చుంటాడు, ఆలోచిస్తాడు, కిటికీలోంచి వాన చూస్తాడు. హత్య కూడా మనకి చూపించరు, ఫోన్లో చెబుతారు. సంగీతం మాత్రం ఇదిగో పొడిచేస్తున్నాడు, అదిగో నరికేస్తున్నాడు అని ఒకటే హడావుడి. ఆ హోరుకి అత్తయ్య ఇంకా ముడుచుకుపోయేది. నాకు ఒళ్లు మండింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. వీళ్లు అలికిందే అలుకుతున్నారు.

చివరికి గోడౌన్ వచ్చింది. సంచుల మూతులు విప్పారు. తెర నిండా మావయ్య మీసాలు. "వాడెక్కడ?" అన్నాడు హీరో. మావయ్య వేలెత్తి మేడ మీదకి చూపించాడు. హీరో మెట్లెక్కి వెళ్లిపోయాడు. అంతే. తన్నూ లేదు, పెట్టెలూ లేవు. పైనున్న హంతకుడు అడగ్గానే నేరం ఒప్పేసుకున్నాడు. కాగితాలు ఎప్పుడు చల్లాలో తెలీక మావాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని బొమ్మ అయ్యేదాకా కూర్చున్నారు.

"దారి చూపించినందుకు ఈయనకి సన్మానం చెయ్యాలి" అన్నారు వెనకాల ఎవరో. అందరూ నవ్వారు. మావయ్య తల దించుకున్నాడు. ఆ అన్నవాడి నెత్తిన సంచి బోర్లించాలన్నంత కోపం వచ్చింది నాకు.

దీపాలు వెలిగాక గానీ అత్తయ్య కొంగు తియ్యలేదు. బయటికొచ్చాక కళ్లు తుడుచుకుంటూ నన్నడిగింది.

"ఒలే, ఎక్కువ కొట్టీసినారేటే?"

నేను నిజం చెప్పబోతుంటే, మాట తెలియకపోయినా ఆవిడ కళ్లు చూసి సంగతి గ్రహించిన దాదా ముందుకొచ్చాడు.

"ఖూబ్ మేరేఛే, బౌదీ" అన్నాడు. చాలా కొట్టారు వదినా, అని.

వీధి వీధంతా తలలూపింది. సన్మానం మాట అన్నవాడు అందరికంటే గట్టిగా ఊపాడు.

అత్తయ్య ఆ హీరో వంశాన్నంతా తిట్టిపోసింది. బస్సు కోసం నిలబడినప్పుడు మావయ్య గుండెల మీద అరచెయ్యి వేసి మెల్లిగా రాసింది. నలుగురిలో ఆవిడ ఆయన్ని ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నొప్పిగా ఉందేటి?"



"ఇప్పుడు పరవాలేదులే" అన్నాడు మావయ్య.