నాలుగో చీటి

బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపుల మా రూంల ఆరుగురం ఉండేది. వంట ఒక్కటే, తినుడు ఒక్కటే. దాన్ని మెస్ అంటం. మెస్ నడిపేది కాకా. జగిత్యాల దిక్కు మనిషి, సైట్ల కడ్డీలు కట్టే పని. ఈ అరబ్బు దేశమొచ్చి నా వయసంత అయింది. నేను హైదరాబాద్‌ల పుట్టి పెరిగినోణ్ణి. అదే సైట్ల హాజరు రాసే పని నాది.

కాకా రూల్స్ గట్టిగుండేవి. ఎవరి వంట వారం వాళ్లదే. అందరొచ్చేదాక గిన్నె మూత తియ్యొద్దు. తినేటప్పుడు ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద పెట్టాలె. ఆ చివరిది నాతోని అయ్యేది కాదు.

"గంతసేపు ఏం సూస్తవ్ రా దాంట్ల?" అనేటోడు.

"చదువుకుంటున్న కాకా."

అబద్ధం కాదు. దూరవిద్యల డిగ్రీ చేస్తున్న. పొద్దున ముషైరిబ్ సైట్‌కు పొయ్యే కంపెనీ బస్సుల హిస్టరీ పాఠాలు వినేటోణ్ణి. పాత గ్రీకు దేశంల రెండు ఊర్లు, ఏథెన్స్, స్పార్టా. మాట్లాడే భాష ఒక్కటే, మొక్కే దేవుళ్లు ఒక్కటే, అయినా ఒకదానికొకటి పడేది కాదు. స్పార్టాల ఇద్దరు రాజులు, అరవై దాటిన ముసలోళ్ల సభ. మొగపిల్లల్ని ఏడేండ్లకే ఇంట్లకెళ్లి తీస్కపోయి సిపాయిలను చేస్తరు. పెద్దయినంక గూడ మొగోళ్లంతా ఒక్కకాడ కూసొనే తినాలె, ఇంట్ల తింటనంటే నడవదు. ఏథెన్స్‌ల రాజు లేడు. గుట్ట మీద కూసొని చేతులెత్తి ఫైసలా చేస్తరు. ఎవడన్నా మరీ పెద్దోడైపోతుండు అనిపిస్తే, పగిలిన కుండపెంకుల మీద వాని పేరు గీకి పదేండ్లు ఊరి బయటికి పంపిస్తరు.

విన్న రోజే కాకాకు పేరు పెట్టిన, స్పార్టా అని. రూమంతా నవ్విండ్రు. మా డ్రైవర్ భాయ్, నిజామాబాద్‌ల తెలుగు మీడియం చదివినోడు, "మరి నువ్వెవడివి రే, ఏథెన్స్ రాజువా?" అన్నడు.

"అక్కడ రాజులుండరు భాయ్, గంటసేపటి నుంచి అదే కదా చెప్తున్న!"

ఒక శుక్రవారం పొద్దుగాల నా వంట. పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్ చూస్తున్న. మాడింది. కాకా వచ్చి పొయ్యి బంద్ చేసి, నా చేతులకెళ్లి ఫోన్ గుంజుకున్నడు.

"తెలివుందా రా? ఆరుగురి తిండి అది."

నాకు సర్రున ఎక్కింది. "ఫోన్ ఇటియ్! గుంజుకోనీకి నువ్వెవరు? ఎవరు చేసిండ్రు నిన్ను పెద్దమనిషిని? మేం ఓటేసినమా?"

అప్పుడు కుండపెంకుల ముచ్చట తీసిన. "మనం గూడ గట్లనే ఓటు పెడదాం. నలుగురు ఒక్కని పేరు రాస్తే వాడు మెస్‌ల ఉండొద్దు. నాదొస్తే నేనే పోత."

"ఛోడ్ రే, శుక్రవారం పూట లొల్లెందుకు," అన్నడు భాయ్. రూంల ఇద్దరికి మాత్రం హుషారొచ్చింది. కాకా ఫోన్ నా చేతుల పెట్టి, "పెట్టుండ్రి, నేనెందుకు వద్దంట?" అన్నడు.

కార్టన్ అట్ట చింపి ఆరు ముక్కలు చేసిన. కాకాకు రాయరాదు. నా పక్కన కూసొని మెల్లగ, "నాది నువ్వే రాయి తమ్మీ" అన్నడు.

"ఎవరి పేరు?"

"ఎవలిది వద్దు. ఖాళీది ఏసెయ్."

నేను "కాకా" అని రాసి, మడిచి గిన్నెల ఏసిన.

ఎందుకు రాసిన అంటే కోపం అంటున్న గని అది సగమే. నేను పెట్టించిన ఆటల నేనే ఓడిపోతనేమో అన్న భయం మిగతా సగం. ఓటు హక్కొచ్చినంక ఇంటికాడ ఒక్క ఎలక్షన్‌కు నేను లేను. ఇక్కడ మాకు ఓటే లేదు. నా బతుకుల మొదటిసారి ఓటేసుడు అదే. రెండేసిన, ఒకటి నాది, ఒకటి దొంగది.

భాయ్ విప్పి చదివిండు. సిటీ పోరడు అని, అంటే నా పేరు మీద, రెండు. కాకా అని నాలుగు.

"ఈ రెండు ఒక్క చేతి రాతనే ఉన్నయి," అన్నడు భాయ్. "ఏంది కాకా, నీ చీటిల నీ పేరే రాయించుకున్నవా?"

కాకా నా దిక్కు చూసిండు.

"ఆఁ. నేనే రాయమన్న," అన్నడు.

పళ్లెం, గ్లాసు పట్టుకపోయి ఎదురు రూం మెస్‌ల కలిసిండు. పండుడు మాత్రం మా రూంలనే, నా కింది మంచం మీదనే.

మొదట్ల మస్తు ఫ్రీ అనిపించింది. ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ, ఫోన్ చూసుకుంట తినుడు. కొన్ని దినాలకే ఎవరి గిన్నె వాళ్లదైంది. కాకా పేరు రాసిన ఇద్దరిల ఒకాయన బిడ్డకు ఊర్లె పానం బాగలేదని రెండు దినాలు ఏం ముట్టలే. మాకు తెల్వనే తెల్వదు. మూడో నాడు సైట్ల కండ్లు తిరిగి పడ్డడు. హాజరు బుక్కుల వాని పేరు పక్కన సిక్ అని రాసుకుంట ఉంటే సమజైంది, కాకా మా ఫోన్లు ఎందుకు పక్కన పెట్టించిండో. ముంగట కూసున్నోడు తింటలేడని కనపడాలె. గంతే.

అదే వారం బస్సుల ఆ పాఠం మిగిలిన ముక్క విన్న. ఏథెన్స్‌ల ఆడోళ్లకు ఓటు లేదంట, బానిసలకు లేదంట. వేరే ఊర్ల నుంచి వచ్చి పని చేసుకునేటోళ్లకు గూడ లేదంట, ఎన్నేండ్లున్నా సరే. స్పార్టాల పొలాలు దున్నేటోళ్లకు సుత లేదు. రెండిట్ల ఏ ఊరికి పోయినా మా రూం ఆరుగురం గుట్ట కిందనే ఉండేటోళ్లం. అసొంటి రూంకు నేను ఓటు తెచ్చిన. తెచ్చి గిట్ల జేసిన.

శుక్రవారం నల్లా కాడ కాకా బట్టలు పిండుతుంటే పోయిన.

"కాకా, ఆ చీటి..."

"ఎరుకే."

"మరి నువ్వే రాయమన్న అని ఎందుకన్నవ్?"

చెయ్యి ఆపకుంటనే చెప్పిండు. "మిగిలిన మూడు నిజమే గద తమ్మీ. గా మూడు ఇన్నంక, నీ ఒక్కదానికి కొట్లాడ బుద్ధిగాలె."

"మళ్ల రా కాకా. అందరికి నేను చెప్త."

"చెప్పు. నన్ను నేనే తీసేసుకున్న అనుకుంటుండ్రు ఆళ్లు. నేనైతే రాను."

ఆ పూటనే నలుగురిని కూసోబెట్టి చెప్పిన. భాయ్ "చదివింది నేను రా. నా నోటితోని చదివించినవ్," అన్నడు. బిడ్డ పానం బాగలేనాయన తలొంచుకొని, "నేనైతే ఆట అనుకొనే రాసిన," అన్నడు.

నన్ను పొమ్మని ఎవ్వరనలే. మళ్ల ఓటు పెడదామని గూడ ఎవ్వరనలే. మెస్ మళ్ల మొదలైంది, ఐదుగురితోని. రోజు నేనే పోయి కాకాను పిలుస్త. "మీరు తినుండ్రి," అంటడు.